కార్డులో భాస్వరం "ఎక్కువ", చేలో ఆకులు వంకాయ రంగు: వేరు అసలు ఏం తీసుకుంటుంది?

చెలక_పాలమూరు | డిసెంబర్ 27, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ వైపు, మూడెకరాల ఎర్ర చెలక. బోరు కింద యాసంగి (రబీ) మొక్కజొన్న వేశాం. విత్తి ఇరవై మూడు రోజులైంది, నాలుగైదు ఆకులు వచ్చాయి. వారం నుంచి కింది ఆకుల అంచులు వంకాయ రంగుకి తిరుగుతున్నాయి. ఎరువుల షాపులో చూపిస్తే భాస్వరం లోపం, ఇంకో బస్తా డీఏపీ (భాస్వరం, నత్రజని ఉన్న ఎరువు) వేయమన్నారు. కానీ వేసవిలో చేయించిన నేల పరీక్ష కార్డులో లభ్య భాస్వరం ఎకరాకు 38 కిలోలు, పక్కన "ఎక్కువ" అని ఉంది. విత్తేటప్పుడు ఎప్పటిలాగే ఒక బస్తా డీఏపీ చల్లి దున్నాం కూడా.

భూమిలో ఉంది, మేమూ వేశాం, మొక్కకు మాత్రం అందలేదు. ఇదెట్లా?

ఇంకో సంగతి. మా తమ్ముడు "మందులు వేసీ వేసీ వేర్లు మొద్దుబారాయి, అదే పెంట (పశువుల ఎరువు), జీవామృతం (పేడ, మూత్రం, పిండి కలిపి పులియబెట్టిన నీళ్లు) అయితే వేరు నేరుగా తీసుకుంటుంది" అంటాడు. మా నాయిన "వేరు పెంట తింటుందో ఉప్పు తింటుందో ఎవరు చూశారు" అంటాడు. ఇంట్లో రోజూ ఇదే వాదన. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నల్లరేగడి_గుంటూరు | డిసెంబర్ 27, రాత్రి 10:05

తమ్ముడూ, ముందు ఆ డీఏపీ బస్తా కొనకు. రేపు పొద్దున పార తీసుకెళ్లి బాగున్న మొక్క ఒకటి, రంగు తిరిగిన మొక్క ఒకటి మట్టిగడ్డతో సహా తవ్వు. లాగితే పిల్లవేర్లు తెగి నేలలోనే ఉండిపోతాయి, అందుకే తవ్వమంటున్నా. గడ్డను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మెల్లగా కడిగి వేర్లు చూడు. తెల్లగా, నూగుతో ఉన్నాయా, గోధుమ రంగులో పొట్టిగా ఉన్నాయా రాయి. ఆకు చూసి మందు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వేరు చూసినవాళ్లు తక్కువ.

మట్టి_మాస్టారు | డిసెంబర్ 28, ఉదయం 6:40

పాతికేళ్లకు పైగా నేలశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

కార్డులో "లభ్య భాస్వరం" అంటే ల్యాబ్‌లో ఒక ద్రావణంతో మట్టిని కలియబెడితే అందులోకి వచ్చిన భాస్వరం. ల్యాబ్‌లో మట్టిని మెత్తగా చేసి, ద్రావణంలో కుదిపి కుదిపి తీస్తారు. చేలో వేరుకి ఆ సౌకర్యం లేదు. పోషకం వేరు దగ్గరికైనా రావాలి, వేరైనా దాని దగ్గరికి వెళ్లాలి.

వచ్చే దారులు మూడు. మొదటిది, ఆకులు నీటిని ఆవిరి చేస్తుంటే నేలలోని నీరు వేరువైపు నడుస్తుంది, అందులో కరిగినవీ దాంతోపాటు వస్తాయి. నైట్రేట్ రూపంలో ఉన్న నత్రజని, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఇలాగే చేరతాయి. రెండోది, వేరు పక్కన పోషకం తగ్గిపోతే, ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి అది మెల్లగా జరుగుతుంది. భాస్వరం ప్రధానంగా దీనిమీదే ఆధారపడుతుంది, పొటాష్ కూడా చాలావరకు ఇంతే. మూడోది, వేరు పెరుగుతూ వెళ్లి నేరుగా తగలడం. ఇలా దొరికేది చాలా తక్కువ.

చిక్కంతా భాస్వరం నడకలో ఉంది. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుంటాయి. నల్లరేగళ్లలో ఆ పని కాల్షియం చేస్తుంది. మట్టినీటిలో ఏ క్షణాన చూసినా కరిగి ఉండేది పిసరంత. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తీసేసుకున్నాక ఆ చోటు ఖాళీ. అక్కడే నిలబడితే మళ్లీ నిండేదాకా ఆకలే. అందుకే భాస్వరం కావాలంటే వేరు రోజూ కొత్త మట్టిలోకి పెరుగుతూ ఉండాలి. వేరుమీది నూగు ఉండేది కూడా ఇందుకే. ఆ నూగు పొడవు మహా అయితే ఒక మిల్లీమీటరు. అదే లేకపోతే వేరుకి అందే మట్టి ఎంతో తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ చేను. డిసెంబర్ చలికి నేల చల్లబడింది. చల్లని నేలలో మొక్కజొన్న వేరు పెరగడం బాగా తగ్గుతుంది, భాస్వరం జరగడం కూడా మందగిస్తుంది. గింజలో దాచుకున్న భాస్వరం మొదటి రెండు మూడు వారాలకే అయిపోతుంది. మీ మొక్క సరిగ్గా ఆ వయసులో ఉంది. ఆకులో తయారైన చక్కెర పెరుగుదలకు ఖర్చు కాక నిలిచిపోతే ఆ ఊదా రంగు పుడుతుంది. రాత్రి చలి ఒక్కటే ఉన్నా కొన్ని రకాల్లో ఈ రంగు కనిపిస్తుంది.

చల్లిన డీఏపీ పడిన చోటి మట్టిలోనే చిక్కుకుంటుంది. ఈ వయసులో పైమందుగా వేసినా వేరుకి చేరేది చాలా తక్కువ. ఒక్క ప్రశ్న: వానాకాలంలో ఆ చేలో ఏం వేశారు?

చెలక_పాలమూరు | డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, దండాలు. వానాకాలం పడావు పెట్టాం, ఏ పంటా వేయలేదు. నాయినకు ఆపరేషన్ అయింది, పని చేసేవాళ్లు లేరు. కలుపు రాకుండా రెండుసార్లు గుంటక మాత్రం తోలించాం.

గుంటూరు అన్న చెప్పినట్టు తవ్వి చూశాం. రంగు తిరిగిన మొక్క వేర్లు పొట్టిగా ఉన్నాయి, జానెడు కూడా దిగలేదు. కానీ కొనలు తెల్లగానే ఉన్నాయి, కుళ్లు లేదు. బాగున్న మొక్కలు గట్టు పక్కన ఉన్నాయి. అక్కడ గడ్డి, పిచ్చి మొక్కలు వానాకాలమంతా ఉండేవి.

మట్టి_మాస్టారు | డిసెంబర్ 28, సాయంత్రం 5:15

గట్టు పక్కన మొక్కలు బాగున్నాయన్నది చాలా విలువైన గమనిక. చలి గట్టు దగ్గరా అంతే ఉంటుంది కదా. కాబట్టి చలి ఒక్కటే కారణం కాదు.

మొక్కజొన్న, జొన్న, కంది, మిరప, ఉల్లి ఇలా చాలా పంటల వేర్లలో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉంటుంది. మైకోరైజా అంటారు. వేరు లోపల చక్కెర, కొవ్వు తీసుకుంటుంది, బదులుగా దారం కన్నా సన్నటి పోగుల్ని వేరు నూగు చేరలేని దూరానికి, సెంటీమీటర్ల కొద్దీ పంపి భాస్వరం, జింకు తెచ్చి ఇస్తుంది. ఇది బతికున్న వేరు లేకుండా బతకలేదు. మీరు గుంటకతో కలుపు లేకుండా ఉంచిన ఆ నాలుగైదు నెలల్లో దానికి ఆశ్రయం పోయింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్ల నేలల్లో ఎక్కువకాలం పడావు పెట్టిన తర్వాత వేసిన పంటలు ఇలాగే భాస్వరం, జింకు లోపంతో గిడసబారాయి. కారణం ఈ శిలీంధ్రం తగ్గిపోవడమేనని అక్కడి పరిశోధకులు 1980లలో తేల్చారు. గట్టు గడ్డి వేర్లలో అది బతికింది, మీ పక్క సాళ్లకు అంటుకుంది.

ఇంకొకటి. నేలలో భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్క ఈ శిలీంధ్రాన్ని పోషించడం తగ్గించుకుంటుంది. ఏటా బస్తా తప్పకుండా వేయడం వల్ల పడే నష్టాల్లో ఇదొకటి. ఆవాలు, క్యాబేజీ కుటుంబానికి ఈ శిలీంధ్రంతో పొత్తే లేదు, వాటి తర్వాత వేసిన మొక్కజొన్నకూ ఇదే ఇబ్బంది రావచ్చు.

ఎడిసన్_గోంగూర | డిసెంబర్ 28, రాత్రి 11:48

నేను న్యూజెర్సీలో ఉంటాను. చలికాలం బేస్‌మెంట్‌లో లైట్ల కింద, మట్టి లేకుండా నీళ్లలో గోంగూర, టమాటా పెంచుతున్నాను. నా టబ్బులో ఉన్నవి కాల్షియం నైట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, కాస్త ఇనుము, ఇంకా చిటికెడు సూక్ష్మపోషకాలు. పేడ లేదు, హ్యూమస్ (ఆకులు, పేడ కుళ్లి మిగిలే నల్లటి పదార్థం) లేదు. గోంగూర ఊళ్లో ఉన్నంత పుల్లగానే ఉంటుంది, అమ్మకు పచ్చడి చేసి పెడితే తేడా చెప్పలేకపోయింది.

పాలమూరు అన్నా, మీ నాయిన అడిగిన "ఎవరు చూశారు"కి జవాబు ఇదే అనుకుంటా. 1840లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త, మొక్క హ్యూమస్‌ను కాదు, ఖనిజాలను తీసుకుంటుందని గట్టిగా వాదించాడు. 1860 ప్రాంతంలో సాక్స్, క్నోప్ అనే శాస్త్రవేత్తలు ఉత్త లవణాల నీళ్లలో మొక్కల్ని పెంచి చూపించారు. వేరుకి యూరియా నుంచి వచ్చిన నైట్రేటూ పెంట నుంచి వచ్చిన నైట్రేటూ ఒకటే. అయాన్ (నీళ్లలో కరిగిన లవణపు కణం) మీద ఊరి పేరు రాసి ఉండదు కదా.

అనంత_వేరుశనగ | డిసెంబర్ 29, ఉదయం 7:30

ఎడిసన్ తమ్ముడూ, నీ టబ్బులో రోజూ నువ్వే నీళ్లు కలుపుతావు, నువ్వే కొలుస్తావు, గాలి పంపు నువ్వే పెడతావు. మా అనంతపురం చేలో ఆ పనులన్నీ ఎవరు చేస్తారు? నేలలో ఉండే జీవులే చెయ్యాల. నేను ఆరేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నా, మా సంఘంలో ముప్పై మంది ఆడోళ్లం ఉన్నాం. వేరు సేంద్రియ రూపంలో అసలు తీసుకోదు అనడం కూడా తప్పేనని మాకు శిక్షణలో చెప్పారు. అమైనో ఆమ్లాలు నేరుగా తీసుకుంటుందంట. మాస్టారు గారు ఏమంటారు?

మట్టి_మాస్టారు | డిసెంబర్ 29, ఉదయం 10:10

అమ్మా, మీ శిక్షణలో చెప్పింది నిజం. లీబిగ్ తర్వాత నూట యాభై ఏళ్లు పుస్తకాలు ఈ సంగతిని పక్కన పెట్టాయి. 1998లో స్వీడన్ పరిశోధకులు గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంలో కార్బన్‌కూ నత్రజనికీ రెండింటికీ గుర్తు పెట్టి అడవి నేలలో వేశారు. రెండు గుర్తులూ కలిసే వేర్లలో కనిపించాయి. అంటే అది విరగకుండానే లోపలికి వెళ్లింది. 2008లో ఆస్ట్రేలియాలో ఏకంగా ప్రొటీన్‌ని కూడా వేర్లు తీసుకోగలవని చూపించారు. యూరియా కూడా సేంద్రియ అణువే. దాన్ని యూరియాగానే లోపలికి తీసుకునే ద్వారం వరి వేరులో ఉంది.

అయితే తీసుకోగలదు అనడం వేరు, దాంతోనే పంట పండుతుంది అనడం వేరు. స్వీడన్ అడవి నేల చల్లన, అక్కడ నైట్రేట్ దాదాపు ఉండదు. మన వెచ్చటి దుక్కి నేలలో అమైనో ఆమ్లం పడిందంటే సూక్ష్మజీవులు గంటల్లోనే తినేస్తాయి. యూరియా కూడా కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారిపోతుంది, గాలి ఆడే నేలలో అది మళ్లీ నైట్రేట్ అవుతుంది. కాబట్టి మన మెట్ట పంటలకు నత్రజనిలో ఎక్కువ భాగం నైట్రేట్‌గా, నిలవ నీటి వరికి అమ్మోనియంగా చేరుతుంది. సేంద్రియ భాస్వరం సంగతి ఇంకా స్పష్టం. వేరూ సూక్ష్మజీవులూ ఎంజైములు వదిలి దాన్ని ఫాస్ఫేట్‌గా విడగొట్టాకే లోపలికి వెళ్తుంది.

జీవామృతం గురించి ఒక లెక్క వేద్దాం, కోపగించుకోకండి. ఎకరాకు 200 లీటర్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పిండి. పిండిలో ఐదో వంతు ప్రొటీన్ అనుకుంటే నత్రజని 64 గ్రాములు. మూత్రంలో ఒక శాతం లెక్కన 100 గ్రాములు. పచ్చి పేడలో 30, 40 గ్రాములు. అంతా కలిపి 200 గ్రాములు. వరి టన్ను గింజకు నేల నుంచి 15 నుంచి 20 కిలోల నత్రజని లాగుతుంది. కాబట్టి జీవామృతాన్ని ఎరువుగా లెక్కకట్టకూడదు. నేలలో ముందే సేంద్రియ పదార్థం ఉంటే దాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులను కదిలిస్తుంది, అంతవరకే. మేత లేని చోట ఎంత కదిలించినా ఏమీ రాదు.

అనంత_వేరుశనగ | డిసెంబర్ 29, మధ్యాహ్నం 2:45

కోపం ఎందుకు సార్, లెక్క లెక్కే. మేం కూడా ఒట్టి జీవామృతం మీద బతకడం లేదు. వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తుతాం, అలసంద, పెసర, జనుము ఉంటాయి. గాలిలోని నత్రజనిని వాటి వేరు బుడిపెలు పట్టిస్తాయి. పైన ఆకులు, కట్టె కప్పుతాం. మొదటి రెండేళ్లు దిగుబడి తగ్గింది, అది నేను దాచను. ఇప్పుడు వాన ఇరవై రోజులు రాకపోయినా మా చేను పక్క చేలకన్నా ఆలస్యంగా వాడుతుంది.

వేరుశనగలో ఒక వింత చెప్తా. మొక్కకు కాల్షియం వేరు పీలుస్తుంది, కానీ కాయకు అది చాలదు. ఊడ (పువ్వు నుంచి నేలలోకి దిగే కాడ) నేలలోకి దిగాక, కాయ తన కాల్షియంను తన తొక్కతోనే చుట్టూ మట్టి నుంచి తీసుకుంటుంది. అందుకే పూత, ఊడ దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమంటారు. వేయకపోతే కాయ పెద్దదే కానీ లోపల గింజ నిండదు. మా అత్త దీన్ని "కాయ తన కూడు తానే తింటుంది" అంటుంది.

మట్టి_మాస్టారు | డిసెంబర్ 29, సాయంత్రం 6:05

మీ అత్తగారి మాటను నేను క్లాసులో చెప్పి ఉంటే పిల్లలకు ఎప్పటికీ గుర్తుండేది. కాల్షియం నీటితోపాటు పైకే ఎక్కుతుంది. ఆకు నుంచి మళ్లీ కిందికి, నేలలో ఉన్న కాయకు దాదాపు దిగదు. అందుకే కాయకు ఆ ఏర్పాటు.

పటాన్‌చెరు_పక్కోడు | డిసెంబర్ 29, రాత్రి 8:30

ఎర్ర చెలక అన్నారు కాబట్టి కంది సంగతి తప్పక చెప్పాలి. మా ఊరి పక్క మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎర్ర నేలా నల్ల నేలా రెండూ ఉన్నాయి. జపాన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఆయే, ఆయన బృందం అక్కడ కందిని, జొన్న, సజ్జ, మొక్కజొన్న, సోయాతో పోల్చి చూశారు. ఇనుముతో బిగుసుకున్న భాస్వరాన్ని మిగతావి సరిగా తీసుకోలేకపోతే కంది తీసుకుంది. దాని వేరు పిసిడిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది ఇనుమును పట్టుకుంటే భాస్వరం విడుదలవుతుంది. 1990లో ప్రచురించారు. మన పెద్దలు చెలకల్లో జొన్నలో కంది సాళ్లు ఎందుకు వేసేవారో అది చదివాక నాకు అర్థమైంది. కంది ఆకు రాలి కుళ్లితే, అది లాగిన భాస్వరం తర్వాతి పంటకు సులువైన రూపంలో దొరుకుతుంది.

శనగది ఇంకో పద్ధతి. శనగ ఆకుమీద పొద్దున మంచు నాకితే పుల్లగా ఉంటుంది కదా, వేరు కూడా అలాంటి ఆమ్లాలే వదులుతుంది. నల్లరేగడిలో కాల్షియంతో ఉన్న భాస్వరాన్ని అవి కరిగిస్తాయి.

నల్లరేగడి_గుంటూరు | డిసెంబర్ 30, ఉదయం 9:00

మాస్టారూ, నాదీ ఒక ప్రశ్న. మొన్న తుపాను వానకు మిరప చేలో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. ఆకులు పసుపు రంగుకి తిరిగితే నత్రజని కొట్టుకుపోయిందని యూరియా వేశాం. ఏమీ తేరుకోలేదు. చుట్టూ నీళ్లు, మందు, అన్నీ ఉండి కూడా మొక్క ఎందుకు తీసుకోలేదు? ఎకరంన్నర చచ్చిపోయింది, ఆ బాధ ఇంకా పోలేదు.

మట్టి_మాస్టారు | డిసెంబర్ 30, ఉదయం 11:25

మీ నష్టం చదివి చాలా బాధ కలిగింది.

పోషకం వేరులోకి దానంతటది కారిపోదు. వేరు లోపల ఒక కట్ట ఉంది, కాస్పేరియన్ పట్టీ అంటారు. కణాల మధ్య సందుల్లోంచి వచ్చిన నీటిని అది ఆపేస్తుంది. ఏదైనా సరే కణం పొర దాటే లోపలికి వెళ్లాలి. ఆ పొరలో ఒక్కో పోషకానికి విడిగా ద్వారాలున్నాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ వంటివి బయటకన్నా లోపలే ఎంతో ఎక్కువ ఉంటాయి, అయినా ఇంకా లోపలికి లాగాలి. అందుకు వేరు హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తూ ఉంటుంది, అవి తిరిగి లోపలికి వచ్చే ఊపుతో పోషకాన్ని వెంట తెచ్చుకుంటుంది. ఆ తోసే పనికి శక్తి కావాలి, శక్తికి ప్రాణవాయువు కావాలి. నేలలో నీళ్లు నిలిచి గాలి పోతే, అదే చక్కెర నుంచి వేరుకి దొరికే శక్తి సుమారు పదిహేనో వంతుకి పడిపోతుంది. పక్కనే నత్రజని ఉన్నా లాక్కోలేదు. వరికి కాండం నుంచి వేరు దాకా గాలి గొట్టాలున్నాయి, అందుకే అది నీళ్లలో బతుకుతుంది. మిరపకు అవి లేవు.

అలాంటప్పుడు ముందు కాలవలు తీసి నీరు దించాలి. వేరు కోలుకునేదాకా ఆకుమీద పిచికారీయే దారి. కొత్త తెల్లవేర్లు కనిపించాకే నేలలో మందు వేయాలి.

చెలక_పాలమూరు | జనవరి 14, మధ్యాహ్నం 3:10

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. డీఏపీ వేయలేదు. మాస్టారు ఫోన్‌లో చెప్పినట్టు తడులు తేలికగా ఇచ్చాం, సాళ్ల మధ్య ఒకసారి గుంటక తోలాం. వారం నుంచి ఎండ పెరిగింది. కొత్తగా వచ్చిన నాలుగు ఆకులు పచ్చగా ఉన్నాయి. పాత ఆకుల రంగు మాత్రం అలాగే ఉంది. నిన్న నాయినే పార తీసుకుని ఒక మొక్క తవ్వాడు, వేర్లు మూరెడు దిగాయి.

తమ్ముడికి జీవామృతం లెక్క చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ముందు మేత పెడదాం" అని వేసవి దుక్కికి చెరువు మట్టి, పెంట తోలించే బాధ్యత తీసుకున్నాడు. వానాకాలం ఈ చేను పడావు పెట్టం, కంది అంతర పంటగా వేస్తాం. ఒక్క సందేహం మిగిలింది. వచ్చే యాసంగికి భాస్వరం ఎంత తగ్గించాలి, ఎక్కడ వేయాలి? పెంట ఇప్పుడే తోలితే ఫరవాలేదా?

మట్టి_మాస్టారు | జనవరి 14, రాత్రి 7:50

కార్డులో "ఎక్కువ" ఉంటే సిఫారసులో 30 శాతం తగ్గించండి. చల్లకండి. విత్తనానికి రెండు అంగుళాలు పక్కగా, రెండు అంగుళాలు కిందగా సాలులో పడేలా గొర్రుతో వేయండి. చలిలో పొట్టి వేరుకి కూడా అక్కడైతే అందుతుంది. జింకు సల్ఫేట్ వేయాల్సి వస్తే డీఏపీతో కలపకుండా మూడు రోజుల తేడాతో వేయండి, రెండూ కలిస్తే కరగని ముద్ద అవుతుంది.

పెంట బాగా మాగిందే తోలండి. పచ్చి పెంట, గడ్డి కలిసినది విత్తే ముందు వేస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే ముందు తీసుకుంటాయి, పంట పసుపు రంగుకి తిరుగుతుంది. చేతిలో నలిపితే పొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. అలా లేకపోతే గుంతలో ఇంకో రెండు నెలలు ఉంచి, మేలో తోలండి.